పిల్లలకు ఒంట్లో బాగోలేనప్పుడు: ఎప్పుడు ఆగవచ్చు, ఎప్పుడు ఆగకూడదు

పిల్లల డాక్టరుగా నన్ను తల్లిదండ్రులు అడిగే ప్రశ్నల్లో మందుల గురించినవి తక్కువ. "ఇప్పుడే తీసుకురావాలా, రేపటిదాకా ఆగవచ్చా?" అన్నదే ఎక్కువ. అనవసరంగా తీసుకొచ్చిన బిడ్డను చూసి నేనెప్పుడూ బాధపడలేదు. ఆలస్యంగా తెచ్చిన బిడ్డల ముఖాలు మాత్రం ఏళ్లు గడిచినా గుర్తుండిపోయాయి. అందుకే పదేపదే వినే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాస్తున్నాను. ఇవి ఇంట్లో నిర్ణయం తీసుకోవడానికి పనికొస్తాయి. బిడ్డను చూసిన డాక్టరు చెప్పిన మాట దీనికి భిన్నంగా ఉంటే, ఆ మాటే వినండి.

ఏవి కనిపిస్తే క్షణం కూడా ఆలోచించకూడదు?

ఐదేళ్లలోపు పిల్లల్లో నాలుగు గుర్తులున్నాయి. ఆశా కార్యకర్త నుంచి పెద్దాసుపత్రి డాక్టరు దాకా అందరికీ శిక్షణలో నేర్పేవి ఇవే. బిడ్డ పాలు గాని నీళ్లు గాని అసలు తాగలేకపోవడం. తాగినదంతా, ప్రతిసారీ, కక్కేయడం. ఫిట్స్ రావడం. మగతగా పడి ఉండటం, లేపినా సరిగా లేవకపోవడం. వీటిలో ఒక్కటి ఉన్నా రోగం పేరేమిటో తేల్చుకునే పని మీది కాదు. బిడ్డను ఎత్తుకుని బయలుదేరండి.

వీటికి నేను మరో రెండు కలుపుతాను. మొదటిది ఊపిరి ఆడటం కష్టం కావడం, లేదా నాలుక, పెదవుల లోపలి వైపు నీలంగా మారడం. చామనఛాయ, నలుపు రంగు పిల్లల్లో చర్మం చూస్తే నీలం తెలియదు, నోరు తెరిచి చూడాలి. రెండోది ఒంటి మీద ఎర్రటి లేదా ఊదారంగు మచ్చలు లేచి, గాజు గ్లాసుతో ఒత్తి చూసినా మాయం కాకపోవడం. జ్వరంతో పాటు అలాంటి మచ్చలుంటే రక్తంలో తీవ్రమైన ఇన్ఫెక్షన్ కావచ్చు, డెంగీ కావచ్చు.

జ్వరం 103 ఉంది. వెంటనే ఆసుపత్రికి వెళ్లాలా?

ముందు బిడ్డ వయసు చెప్పండి. మూడు నెలలు నిండని బిడ్డకు 100.4 డిగ్రీలు వచ్చిందంటే పగలనక రాత్రనక ఆసుపత్రికి వెళ్లాలి. పాలు తాగుతున్నా, చూడటానికి బాగానే ఉన్నా వెళ్లాలి. అంత లేత ఒంటికి ఇన్ఫెక్షన్‌ను ఒకచోట కట్టడి చేసే బలం ఇంకా రాదు. కొన్ని గంటల్లోనే అది రక్తంలోకి, మెదడు పొరల్లోకి పాకిపోవచ్చు. పారాసిటమాల్ చుక్కలు వేసి తెల్లవారేదాకా చూద్దామనుకోవద్దు. ఈ వయసులో ఒళ్లు చల్లబడటం కూడా జ్వరమంత ప్రమాదకరమే. బట్టలు కప్పి, గుండెకు హత్తుకున్నా అరికాళ్లు, పొట్ట చల్లగానే ఉంటే అదీ పరుగెత్తవలసిన గుర్తే.

మూడు నెలలు దాటాక లెక్క మారుతుంది. ఆ తర్వాత థర్మామీటరు కంటే బిడ్డ తీరే ఎక్కువ చెబుతుంది. 103 జ్వరంతో ఉన్న పిల్లవాడు మందు పడి కాస్త చల్లబడగానే లేచి, మంచం కింద బంతి కోసం వెతుకుతుంటే నాకు భయం తగ్గుతుంది. 100 మాత్రమే ఉన్న పాప తల వాల్చేసి, అమ్మ పిలిచినా కళ్లు తిప్పకపోతే భయం పెరుగుతుంది. మందు వేసిన గంటకు బిడ్డను మళ్లీ చూడండి. చూపు నిలుపుతున్నాడా, తాగుతున్నాడా, ఏడిస్తే ఎత్తుకోగానే ఊరుకుంటున్నాడా? ఇవే అసలు కొలతలు.

ఇక ఎన్ని రోజులు ఆగాలి? మూడు నుంచి ఆరు నెలల పిల్లలను అదే రోజు చూపించండి. ఏడాదిలోపు పిల్లలకు ఒక రోజు మించి ఆగకపోవడం మంచిది. అంతకంటే పెద్ద పిల్లలు హుషారుగా ఉంటే రెండు రోజులు ఇంట్లో చూసుకోవచ్చు, మూడో రోజూ జ్వరం ఉంటే వెళ్లాలి. పాడేరు, అరకు, భద్రాచలం, ఏటూరునాగారం వంటి ఏజెన్సీ ప్రాంతాల్లో ఉన్నవారు, అటు వెళ్లి వచ్చినవారు మొదటి రోజే మలేరియా రక్తపరీక్ష చేయించండి. అక్కడ మూడు రోజుల సూత్రం పనికిరాదు.

జ్వరం ఉన్న బిడ్డకు దుప్పట్లు చుట్టకండి, ఐసు నీళ్లతో తుడవకండి. పలుచని బట్టలు, గాలి, తరచుగా తాగడానికి ఏదో ఒకటి ఇస్తే చాలు.

పారాసిటమాల్ ఎంత వేయాలి? ఒక చెంచా సరిపోతుందా?

చెంచా లెక్క ప్రమాదం. మన మందుల దుకాణాల్లో పారాసిటమాల్ కనీసం మూడు రకాల గాఢతల్లో దొరుకుతుంది. చుక్కల మందులో సాధారణంగా ఒక మిల్లీలీటరుకు 100 మిల్లీగ్రాములు ఉంటుంది. సిరప్‌లలో ఒకదానిలో ఐదు మిల్లీలీటర్లకు 125, మరోదానిలో 250 మిల్లీగ్రాములు ఉంటుంది. బిడ్డ బరువులో కిలోకు 15 మిల్లీగ్రాములు ఒక మోతాదు. పది కిలోల బిడ్డకు 150 మిల్లీగ్రాములు కావాలి. అంటే చుక్కల మందైతే ఒకటిన్నర మిల్లీలీటర్లు, 250 సిరప్ అయితే మూడు, 125 సిరప్ అయితే ఆరు మిల్లీలీటర్లు. సిరప్ అనుకుని చుక్కల మందు ఒక చెంచా పోస్తే 500 మిల్లీగ్రాములు కడుపులోకి వెళ్లినట్టే. రెండు మూడుసార్లు అలా జరిగితే కాలేయం దెబ్బతినవచ్చు.

సీసా మీద అంకె చదవండి, సీసాతో వచ్చిన మూత లేదా సిరంజితోనే కొలవండి, ఆరు గంటల ఎడం ఇవ్వండి, రోజుకు నాలుగుసార్లు మించకండి. జలుబు మందుల్లోనూ పారాసిటమాల్ కలిసి ఉంటుంది. రెండూ వేస్తే రెట్టింపు అవుతుంది.

ఆస్పిరిన్ పిల్లలకు ఇవ్వకండి. నిమెసులైడ్‌ను పన్నెండేళ్లలోపు పిల్లలకు వాడకూడదని మన దేశంలో 2011లోనే నిషేధించారు. పాత సీసా ఇంట్లో ఉంటే పారేయండి. డెంగీ అనుమానం ఉన్న రోజుల్లో ఐబుప్రొఫెన్, మెఫెనమిక్ యాసిడ్ కూడా సొంతంగా వేయవద్దు. వాటివల్ల రక్తస్రావం ఎక్కువయ్యే ప్రమాదం ఉంది.

జ్వరం తగ్గిపోయింది, కానీ పిల్లవాడు నీరసంగా ఉన్నాడు. తగ్గినట్టే కదా?

ఈ ప్రశ్న వానాకాలంలో, ముఖ్యంగా వినాయక చవితి నుంచి దీపావళి దాకా వస్తే నేను వెంటనే రమ్మంటాను. డెంగీలో అసలు గండం జ్వరం దిగాక మొదలవుతుంది. జబ్బు మొదలైన మూడో రోజుకూ ఏడో రోజుకూ మధ్య, ఒళ్లు చల్లబడుతున్న వేళ, రక్తనాళాల నుంచి నీరు బయటికి కారి రక్తం చిక్కబడుతుంది. ఇంట్లోవాళ్లు జ్వరం పోయిందని ఊపిరి పీల్చుకుంటారు, బిడ్డ లోపల షాక్‌లోకి, అంటే ఒంటికి రక్తం సరిగా అందని స్థితిలోకి, జారుతుంటాడు.

కడుపునొప్పి తగ్గకుండా ఉండటం, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి లేదా ముక్కు నుంచి రక్తం, నల్లటి విరేచనం, చేతులు కాళ్లు చల్లబడి చెమటలు పట్టడం, స్థిమితం లేకుండా పొర్లడం, మగత, మూత్రం తగ్గిపోవడం. ఇందులో ఒక్కటి ఉన్నా అదే గంటలో ఆసుపత్రిలో ఉండాలి. జ్వరం తగ్గాక పిల్లవాడు అన్నం అడిగి, లేచి తిరిగితే అది నిజమైన తగ్గుదల.

ప్లేట్‌లెట్ల అంకె గురించి అందరూ బెంబేలెత్తుతారు. అంకె ఒక్కటే బిడ్డ పరిస్థితి చెప్పదు. లక్ష ఉన్నా షాక్‌లో ఉన్న బిడ్డలుంటారు, ముప్పై వేలున్నా హాయిగా ఆడుకునేవారుంటారు. బొప్పాయి ఆకు రసం పోస్తూ ఇంట్లో రెండు రోజులు గడపడం వల్ల పోయేది ఆ విలువైన రెండు రోజులే.

దగ్గు, జలుబు. ఇది మామూలుదా, న్యుమోనియానా ఎలా తెలుసుకోవాలి?

చొక్కా విప్పి చూడండి. అంతకంటే మంచి పరీక్ష ఇంట్లో లేదు.

బిడ్డ నిద్రపోతున్నప్పుడు, లేదా ఏడవకుండా ఒళ్లో ఉన్నప్పుడు, పొట్ట ఎన్నిసార్లు లేస్తుందో గడియారం పెట్టుకుని పూర్తిగా ఒక నిమిషం లెక్కించండి. అర నిమిషం లెక్కించి రెట్టింపు చేస్తే తప్పు వస్తుంది, పసిపిల్లల ఊపిరి ఒకే లయలో ఉండదు. రెండు నెలలలోపు బిడ్డకు నిమిషానికి 60 లేదా అంతకంటే ఎక్కువ ఉంటే, రెండు నెలల నుంచి ఏడాది వరకు 50, ఏడాది నుంచి ఐదేళ్ల వరకు 40 చేరితే అది ఉండవలసిన దానికంటే వేగం. రెండు నెలలలోపు బిడ్డకు మొదటిసారి 60 దాటితే మరోసారి లెక్కించి చూడండి. రెండోసారీ అలాగే ఉంటే బయలుదేరండి. రెండు నెలలు దాటిన పిల్లలకు వారి వయసుకు పైన చెప్పిన అంకె చేరితే ఆ రోజే డాక్టరుకు చూపించాలి.

వేగం తర్వాత చూడవలసింది డొక్కలు. ఊపిరి లోపలికి తీసుకునేటప్పుడు పక్కటెముకల కింది భాగం లోపలికి గుంజుకుపోతే, మన పెద్దవాళ్లు "డొక్కలు ఎగరేస్తున్నాడు" అంటారు. సరిగ్గా అన్నారు. అది కనిపిస్తే ఇక లెక్కలు అక్కరలేదు, బయలుదేరండి. ముక్కుపుటాలు ఎగరడం, ప్రతి శ్వాసకూ మూలిగినట్టు శబ్దం రావడం, ఊపిరి ఆడక పాలు మధ్యలో వదిలేయడం కూడా అలాంటివే.

పిల్లికూతలు వస్తుంటే, అంతకుముందు కూడా వచ్చిన పిల్లవాడైతే, డాక్టరు ఇచ్చిన ఇన్‌హేలర్ వాడండి. వాడినా తగ్గకపోతే, రెండు మాటలు కలిపి చెప్పలేకపోతే ఆసుపత్రికి వెళ్లండి. కుక్క మొరిగినట్టు దగ్గు, ఊపిరి లోపలికి పీల్చేటప్పుడు గొంతులో గరగర ఉన్న బిడ్డను ఏడిపించకుండా, కూర్చోబెట్టుకునే తీసుకురండి. గొంతులోకి చెంచా పెట్టి చూడవద్దు.

మరి దగ్గు మందు పోస్తే?

పసిపిల్లలకు దగ్గు సిరప్ పోయకండి. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో కల్తీ దగ్గు మందు తాగిన పిల్లలు మూత్రపిండాలు పాడై చనిపోయారు. అందులో డైఇథిలీన్ గ్లైకాల్ అనే విషం ఉంది. ఆ తర్వాత కేంద్ర ఆరోగ్య శాఖ రెండేళ్లలోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు ఇవ్వవద్దని, ఐదేళ్లలోపు వారికి సాధారణంగా సిఫారసు చేయబోమని మళ్లీ గుర్తుచేసింది. కల్తీ లేని మందు కూడా చిన్నపిల్లల దగ్గును త్వరగా తగ్గించదు. ముక్కులో సెలైన్ చుక్కలు, గోరువెచ్చని నీళ్లు చాలు. ఏడాది నిండిన పిల్లలకు అర చెంచా తేనె ఇవ్వవచ్చు, ఏడాదిలోపు మాత్రం తేనె వద్దు.

తింటూ తింటూ ఒక్కసారిగా పొలమారింది. ఇప్పుడు బాగానే ఉన్నాడు. చూపించాలా?

చూపించాలి. శనగగింజ, వేరుశనగ పప్పు, చింతగింజ, సీతాఫలం గింజ ఊపిరితిత్తుల గొట్టంలో ఇరుక్కున్నాక మొదటి దగ్గు తెర తగ్గిపోతుంది, బిడ్డ మామూలుగా కనిపిస్తాడు. వారాల తర్వాత తగ్గని న్యుమోనియాగా బయటపడుతుంది. ఆ క్షణంలోనే ఊపిరి ఆగి దగ్గలేకపోతుంటే, ఏడాదిలోపు బిడ్డను ముంజేయి మీద తల కిందికి ఉండేలా బోర్లా పట్టుకుని వీపు మీద ఐదుసార్లు గట్టిగా చరచండి, తర్వాత వెల్లకిలా తిప్పి రెండు వేళ్లతో ఛాతీ మధ్య ఐదుసార్లు నొక్కండి. కనిపించని వస్తువు కోసం నోట్లో వేలు పెట్టి వెతకకండి, ఇంకా లోపలికి పోతుంది.

నీళ్ల విరేచనాలు. ఎన్నిసార్లయితే ఆసుపత్రికి వెళ్లాలి?

ఎన్నిసార్లు అన్నది ముఖ్యం కాదు, బయటికి పోయినంత లోపలికి వెళ్తోందా అన్నది ముఖ్యం. తల్లిపాలు మాత్రమే తాగే బిడ్డ రోజుకు ఆరేడుసార్లు పలుచగా వెళ్లినా, బరువు పెరుగుతూ చక్కగా తాగుతుంటే అది రోగం కాదు.

కళ్లు గుంటలు పడటం, ఏడిస్తే కన్నీళ్లు రాకపోవడం, నాలుక ఎండిపోవడం, పసిబిడ్డకు మాడు లోపలికి దిగడం చూడండి. పొట్ట మీద చర్మాన్ని రెండు వేళ్లతో పైకి పట్టి వదిలితే వెంటనే సర్దుకోవాలి, మెల్లగా సర్దుకుంటే నీరు బాగా తగ్గిందని అర్థం. అన్నిటికంటే సులువైనది మూత్రం. ఎనిమిది గంటలుగా పోయలేదంటే బయలుదేరండి. విరేచనంలో రక్తం పడినా, వాంతి పచ్చగా పసరులా ఉన్నా, రెండు నెలలలోపు బిడ్డ అయినా ఈ గుర్తులేవీ వచ్చేదాకా ఆగవద్దు.

ఇంట్లో చేయవలసినది ఓఆర్ఎస్. కలపడంలోనే తప్పులు జరుగుతాయి. సుమారు 21 గ్రాముల పెద్ద ప్యాకెట్ పూర్తిగా ఒక లీటరు నీళ్లలో, 4.2 గ్రాముల చిన్న ప్యాకెట్ 200 మిల్లీలీటర్లలో కలపాలి. పెద్ద ప్యాకెట్ పొడి కొంచెం కొంచెంగా గ్లాసులో వేసి ఇచ్చి, రక్తంలో ఉప్పు పెరిగి ఫిట్స్‌తో వచ్చిన పిల్లలను చూశాను. కలిపిన నీళ్లు 24 గంటలే వాడాలి. ప్రతి విరేచనానికీ రెండేళ్లలోపు బిడ్డకు పావు నుంచి అర కప్పు, అంతకంటే పెద్దవారికి అర నుంచి ఒక కప్పు ఇవ్వండి. కక్కితే పది నిమిషాలు ఆగి, చెంచాతో నిదానంగా మళ్లీ మొదలుపెట్టండి. దీంతో పాటు జింక్ 14 రోజులు వాడాలి: ఆరు నెలలు దాటినవారికి రోజుకు 20 మిల్లీగ్రాములు, రెండు నుంచి ఆరు నెలలవారికి 10. విరేచనాలు తగ్గాయని నాలుగో రోజే జింక్ ఆపేయకండి. తల్లిపాలు, పెరుగన్నం, గంజి, అరటిపండు మానవద్దు. పస్తు పెడితే పేగు పుండు మానదు.

డబ్బాలో, సీసాలో కలిపి అమ్మే తీపి పానీయాలు ఓఆర్ఎస్ కావు. వాటిలో చక్కెర ఎక్కువ, ఉప్పు తక్కువ, విరేచనాలను అవి పెంచుతాయి. అలాంటి వాటి మీద ఓఆర్ఎస్ అన్న పేరు వేయకూడదని హైదరాబాద్ పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడారు. 2025 అక్టోబరులో ఆహార భద్రతా ప్రాధికార సంస్థ ఆ పేరు వాడకాన్ని నిషేధించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం తయారైనదని ప్యాకెట్ మీద ఉందో లేదో చూసి కొనండి.

పళ్లు వస్తున్నాయి, అందుకే జ్వరం, విరేచనాలు అంటున్నారు. నిజమేనా?

కాదు. పళ్లు వచ్చేటప్పుడు చొంగ కారుతుంది, చిరాకు ఉంటుంది, చిగుళ్లు కొరుకుతారు. ఆరు నెలల నుంచి రెండేళ్ల మధ్య పళ్లూ వస్తాయి, దొరికిందల్లా నోట్లో పెట్టుకుంటారు కాబట్టి ఇన్ఫెక్షన్లూ వస్తాయి. రెండూ ఒకే కాలంలో రావడం వల్ల ఈ నమ్మకం నిలిచింది. 100.4 దాటిన జ్వరాన్ని పళ్ల ఖాతాలో వేయవద్దు.

కళ్లు తేలేశాడు, నోట్లో నురగ వచ్చింది. అప్పుడు ఏమి చేయాలి?

ఆ రెండు నిమిషాలు ఏ తల్లికైనా యుగంలా ఉంటాయి. అయినా చేయవలసింది చాలా తక్కువ. బిడ్డను నేల మీద పక్కకు తిప్పి పడుకోబెట్టండి, మెడ దగ్గర బట్టలు వదులు చేయండి, గడియారం చూడండి. నోట్లో చెంచా, వేలు, గుడ్డ ఏదీ పెట్టవద్దు, నీళ్లు పోయవద్దు. చేతిలో తాళాల గుత్తి పెట్టడం, ఉల్లిపాయ వాసన చూపించడం వల్ల ఫిట్స్ ఆగవు. అవి మామూలుగా వాటంతటవే ఆగే సమయానికి తాళాలు చేతిలో ఉంటాయి, అంతే.

ఐదు నిమిషాలు దాటితే, లేదా ఆగి మళ్లీ వస్తే 108కు ఫోను చేయండి. ఐదు నిమిషాల్లో ఆగినా మొదటిసారి వచ్చినప్పుడు అదే రోజు చూపించాలి. ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు పిల్లలకు జ్వరం వల్ల వచ్చే ఫిట్స్ చాలావరకు మెదడుకు హాని చేయవు. అయితే అది జ్వరం ఫిట్సా, మెదడు పొరల వాపా అన్నది డాక్టరు పరీక్షించి చెప్పాలి. ఫిట్స్ వచ్చిన బిడ్డకు వాతలు పెట్టడం ఇప్పటికీ కొన్నిచోట్ల జరుగుతోంది. దయచేసి ఎవరినీ ఆ పని చేయనివ్వకండి. కాలిన గాయం వల్ల ఇన్ఫెక్షన్ వస్తుంది, జబ్బు ఉన్నచోటే ఉంటుంది.

పుట్టిన బిడ్డ పచ్చబడింది. ఎండలో పెడితే తగ్గుతుందా?

పుట్టిన 24 గంటల్లోపే పచ్చదనం కనిపిస్తే, అరచేతులకు, అరికాళ్లకు పాకితే, బిడ్డ మత్తుగా ఉండి పాలు తాగకపోతే ఎండ చాలదు, వెంటనే రక్తపరీక్ష, నీలికాంతి చికిత్స అవసరం. ఈ పచ్చదనానికి కారణమైన బిలిరుబిన్ అనే పదార్థం రక్తంలో మరీ పెరిగితే మెదడు, వినికిడి శాశ్వతంగా దెబ్బతింటాయి.

ఇంకో విషయం చాలామందికి తెలియదు. రెండు వారాలు దాటినా పచ్చదనం పోకుండా, మలం సున్నంలా తెల్లగా వస్తుంటే అది పైత్యనాళాలు మూసుకుపోయిన జబ్బు కావచ్చు. దానికి ఆపరేషన్ అరవై రోజుల లోపు జరిగితే ఫలితం బాగుంటుంది. కామెర్లకు పసరు పోయిస్తూ నెల గడిపేస్తే ఆ గడువు దాటిపోతుంది. అందుకే రోజూ బిడ్డ మలం రంగు చూడండి.

టీకా వేయించాక జ్వరం వచ్చింది.

ఒకటి రెండు రోజులు రావడం మామూలే. మూడు నెలలలోపు బిడ్డకు జ్వరమొస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలని పైన చెప్పిన మాటకు ఇదొక్కటే మినహాయింపు. ఆరు, పది, పద్నాలుగు వారాల టీకాలకు నర్సు చెప్పిన మోతాదులో పారాసిటమాల్ వేయండి. 48 గంటలు దాటినా, మూడు గంటలు ఏకధాటిగా ఏడ్చినా, పాలు మానేసినా టీకా వల్లే అని సరిపెట్టుకోకుండా చూపించండి.

కడుపునొప్పి అంటే చాలాసార్లు బడి ఎగ్గొట్టడానికే. ఎప్పుడు నమ్మాలి?

నొప్పి బొడ్డు చుట్టూ మొదలై కుడివైపు కిందికి జరిగితే, నడిస్తే, గెంతితే ఎక్కువైతే అపెండిక్స్ అనుమానించాలి. ఏడాది లోపు బిడ్డ పది ఇరవై నిమిషాలకోసారి కాళ్లు పొట్టకు ముడుచుకుని కెవ్వున ఏడ్చి, మధ్యలో తోటకూర కాడలా వాలిపోతుంటే పేగులో పేగు చొచ్చుకుపోయి ఉండవచ్చు. మలంలో ఎర్రటి జిగురు పడేదాకా ఎదురుచూడకూడదు.

మగపిల్లలు సిగ్గుతో దాచే నొప్పి ఒకటుంది. పదేళ్లు దాటిన అబ్బాయి పొత్తికడుపు నొప్పి అంటూ వంకరగా నడుస్తుంటే, వృషణం నొప్పిగా ఉందా అని నేరుగా అడగండి. అది మెలితిరిగి ఉంటే సుమారు ఆరు గంటల్లో ఆపరేషన్ జరగాలి, ఆలస్యమైతే ఆ వృషణాన్ని కాపాడలేం. అర్ధరాత్రి అయినా సరే.

కడుపునొప్పి, వాంతులతో వచ్చే మరో జబ్బు చక్కెర వ్యాధి. కొద్ది వారాలుగా పిల్లవాడు చెంబుల కొద్దీ నీళ్లు తాగుతూ, చిక్కిపోతూ, మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలుపెట్టి ఉంటే, మూత్రానికి చీమలు పడుతుంటే అదే రోజు వేలి కొసన చక్కెర పరీక్ష చేయించండి. ఒక్క చుక్క రక్తం, ఒక్క నిమిషం పని. ఆ బిడ్డ ఆయాసంగా లోతుగా ఊపిరి తీస్తుంటే ఆ రోజు కూడా ఆగకూడదు. దాన్ని న్యుమోనియా అనుకుని, గ్యాస్ అనుకుని రోజులు గడిపిన సందర్భాలున్నాయి.

మంచం మీద నుంచి పడ్డాడు.

స్పృహ తప్పితే, ఒకటి కంటే ఎక్కువసార్లు వాంతి చేసుకుంటే, చెవి లేదా ముక్కు నుంచి నీరు, రక్తం కారితే, ఫిట్స్ వస్తే, కంటిపాపలు రెండూ ఒకేలా లేకపోతే వెంటనే వెళ్లండి. ఏడాదిలోపు బిడ్డను ఏమీ లేకపోయినా ఆ రోజు చూపించండి. మిగతావారిని 24 గంటలు కనిపెట్టి ఉండండి. నిద్రపోనివ్వచ్చు, మధ్యలో ఒకటి రెండుసార్లు లేపి గుర్తుపడుతున్నాడో లేదో చూడండి.

అమ్మవారు పోసింది. ఆసుపత్రికి తీసుకెళ్లకూడదంటారు.

వేపాకు పక్కన పెట్టుకోండి, పూజ చేసుకోండి, ఎవరూ కాదనరు. బిడ్డకు నీళ్లు పోయడం, కడుపునిండా పెట్టడం మాత్రం మానకండి. ఆటలమ్మ చాలామందికి తనంతట తగ్గుతుంది. జ్వరం నాలుగో రోజు తర్వాత కూడా ఉంటే, ఆయాసం, మగత, నడకలో తూలడం ఉంటే, పొక్కుల చుట్టూ ఎర్రగా వాచి నొప్పి పెడితే ఆసుపత్రికి వెళ్లాలి. పుట్టిన నెలలోపు బిడ్డకు వస్తే మొదటి రోజే వెళ్లాలి. తట్టు అయితే ప్రతి బిడ్డనూ చూపించాలి, దానికి విటమిన్ ఎ రెండు రోజులు ఇవ్వవలసి ఉంటుంది.

కిరోసిన్ తాగేశాడు. కుక్క కరిచింది.

కిరోసిన్, యాసిడ్ తాగితే వాంతి చేయించకండి. ఉప్పునీళ్లు, కోడిగుడ్డు సొన పోయకండి. కిరోసిన్ కడుపులో కంటే ఊపిరితిత్తుల్లోకి వెళితేనే ఎక్కువ హాని. సీసా వెంట తెచ్చుకోండి. బొత్తాం బ్యాటరీ మింగితే నొప్పి లేకపోయినా అదే గంటలో వెళ్లాలి, ఆహారనాళాన్ని అది రెండు గంటల్లోనే కాల్చేయగలదు.

కుక్క కరిస్తే పారే నీళ్ల కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, అదే రోజు టీకా వేయించండి. గోరు గీసుకుని రక్తం వచ్చినా అంతే. పసుపు, కారం, సున్నం పెట్టకండి.

ఊళ్లో ఉన్న ఆర్‌ఎంపీ సూది వేస్తే తగ్గిపోతుంది. దూరం ఎందుకు వెళ్లాలి?

అర్ధరాత్రి పలికే మనిషి ఆయనే అన్న మాట నిజం. ఆయన జ్వరం చూసి, ఓఆర్ఎస్ ఇచ్చి, బండి మాట్లాడి పంపితే అది పెద్ద సాయం. స్టెరాయిడ్ సూదితో మాత్రం జ్వరం దిగి బిడ్డ కాసేపు హుషారుగా కనిపిస్తాడు, లోపల జబ్బు ముదురుతూనే ఉంటుంది. ఏ సూది వేశారో పేరు రాయించుకోండి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, బస్తీ దవాఖానా దగ్గర్లో ఉంటే ముందు అక్కడికి వెళ్లండి. పెద్ద చికిత్స కావాలంటే హైదరాబాద్‌లోని నీలోఫర్ వంటి పిల్లల ఆసుపత్రికో, జిల్లా ఆసుపత్రికో అక్కడి నుంచే పంపిస్తారు. ఊపిరి ఆడని బిడ్డను ఆటోలో కంటే ఆక్సిజన్ ఉన్న 108లో తీసుకెళ్లడం మేలు.

అన్నీ బాగానే ఉన్నాయి, కానీ నాకెందుకో తేడాగా అనిపిస్తోంది.

తీసుకురండి. ఆ బిడ్డ ఏడుపు మామూలుగా ఎలా ఉంటుందో, ఎంత ఆకలికి ఎంత తాగుతుందో మీకు తెలిసినంత నాకు తెలియదు. "ఈ ఏడుపు దాని ఏడుపులా లేదు" అని ఒక అమ్మమ్మ చెప్పిన మాటతో నేను పరీక్షలు రాయించిన రోజుంది. ఆ పాపకు మెదడు పొరల వాపు. అప్పటికి జ్వరం 99.

బయలుదేరేటప్పుడు ఏమి చేయాలి, ఏమి తీసుకెళ్లాలి?

దారిలో బిడ్డ మింగగలిగితే తల్లిపాలు గాని, చెంచాతో ఓఆర్ఎస్ గాని ఇస్తూ ఉండండి. మగతగా ఉంటే నోట్లో ఏమీ పోయకండి. పసిబిడ్డను తల్లి గుండెకు ఆనించి, పైన గుడ్డ కప్పి తీసుకెళ్లండి, చల్లబడకుండా ఉంటుంది. తల్లీబిడ్డల రక్షణ కార్డు, ఇప్పటిదాకా వేసిన మందుల సీసాలు అన్నీ సంచిలో వేసుకోండి. ఫిట్స్, ఊపిరి తీరు, మలం రంగు ఫోనులో తీసుకుంటే నాకు సగం సమాధానం అందులోనే దొరుకుతుంది. చివరిసారి ఎప్పుడు మూత్రం పోశాడు, ఎప్పుడు తాగాడు, ఏ మందు ఎన్ని గంటలకు వేశారు అన్నవి కాగితం మీద రాసుకోండి.

నిన్ననే చూపించాం. ఈ రోజు మళ్లీ వెళ్లాలంటే మొహమాటంగా ఉంది.

నిన్న లేని గుర్తు ఈ రోజు వచ్చిందా? అదొక్కటే చూడండి. న్యుమోనియా మొదటి రోజు జలుబులాగే ఉంటుంది, డెంగీ మొదటి రోజు మామూలు జ్వరంలాగే ఉంటుంది. నిన్న చూసిన డాక్టరు నిన్నటి బిడ్డను చూశారు. వెళ్లగానే చీటీ తీసేవారికి "నిన్న వచ్చాం, రాత్రి నుంచి మూత్రం పోయలేదు", "నిన్న వచ్చాం, ఇప్పుడు డొక్కలు ఎగరేస్తోంది" అని కొత్తగా వచ్చిన మార్పునే ముందు చెప్పండి, వరసలో కూర్చోబెట్టకుండా లోపలికి పంపుతారు. పంపకపోతే గట్టిగా అడగండి.